దయచేయండి అంకుల్

వాంకూవర్ నుంచి స్వాతి పంపిన మెసేజ్‌లో నాలుగే మాటలున్నాయి. "మన దయచేయండి అంకుల్ పోయారంట."

రిచ్‌మండ్ హిల్‌లో మా ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను అప్పుడు. ఎవరో స్లైడ్లు చూపిస్తున్నారు. ఫోన్ బోర్లా పెట్టి రెండు నిమిషాలు ఆ స్లైడ్లనే చూశాను, ఒక్క ముక్క ఎక్కలేదు. లేచి బయటికి నడిచాను. గాజు తలుపు దగ్గర ఒకతను తలుపు పట్టుకుని, ముందు మీరు వెళ్లండి అన్నట్టు చెయ్యి చూపించాడు. ఈ దేశంలో రోజుకి పదిమంది అలా తలుపు పట్టుకుంటారు, కొత్తేం కాదు. ఆ రోజు మాత్రం ఆ చెయ్యి చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పాపం అతను తనేం తప్పు చేశాడో అని హడలిపోయి "సారీ, సారీ" అన్నాడు. ఇక్కడివాళ్లు దేనికైనా సారీ చెప్పేస్తారు. సారీ చెప్పడం వేరు, తప్పు నాది అనడం వేరు. ఆ తేడా నాకు చెప్పిన మనిషి గురించే ఇది.

ఆయన పేరు నాకు తెలుసు, కానీ రాయను. మా ఫ్యాక్టరీలో ఆ పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది, ఇప్పుడు మాత్రం ఎందుకు?

ఏజాక్స్ అనే ఊళ్లో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ అది. నేనూ స్వాతీ కాలేజీ చదువుతూ వారానికి మూడు రోజులు అక్కడ ప్యాకింగ్ లైన్ మీద పనిచేసేవాళ్లం. విమానాల నిండా స్టూడెంట్లు దిగుతున్న రోజులు. మా బేస్‌మెంట్‌లో ఆరుగురం అమ్మాయిలం, ఒకటే బాత్రూమ్. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే బిల్డింగ్ చుట్టూ లైన్ తిరిగేది, ఆ లైన్లో సగం మంది తెలుగే మాట్లాడేవాళ్లు. అలా నిలబడీ నిలబడీ, రెజ్యూమేలు పంచీ పంచీ, ఆఖరికి ఒక ఏజెన్సీ వాళ్లు మమ్మల్ని ఈ బిస్కెట్ల మధ్యన పడేశారు. మా ఇద్దరికీ కలెక్టర్ ఉద్యోగం వచ్చినంత సంబరం.

మొదటి రోజు. చెవుల్లో ప్లగ్గులు, నెత్తిన వల, ఎటు పోవాలో తెలీక దారి మధ్యలో నిలబడ్డాం. వెనకనుంచి సరుకు మోసే ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి ఆగింది. తిడతాడేమో అనుకున్నా. మీసాలు నెరిసిన ఒక పొడుగాయన, ఫ్యాక్టరీ లోపల కూడా ఉన్ని టోపీ పెట్టుకున్నాడు, సీట్లో కూర్చునే నడుము కొంచెం వంచి, కుడిచెయ్యి చాచి, "దయచేయండి" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. మాది జగిత్యాల. మా దిక్కు "రారాదు" అంటే అదే పెద్ద మర్యాద. 'దయచేయండి' అన్న మాట పెళ్లి హాలు ముందు బ్యానర్ మీద చదవడమే కానీ, ఒక మనిషి నోటి నుంచి, అదీ ఫోర్క్‌లిఫ్ట్ మీద నుంచి వినడం అదే మొదలు.

తర్వాత తెలిసింది, ఆయన అందరికీ అలాగే దారిస్తాడని. మనిషి కనిపిస్తే చాలు, బండి ఆగేది, చెయ్యి చాచేవాడు, ఆ మాట అనేవాడు. లంచ్‌రూమ్ తలుపు దగ్గరైనా, బస్సు దగ్గరైనా అంతే. ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు "దయచంది! దయచంది!" అని ఆయన్ని ఆటపట్టించేవాళ్లు. గేటు దగ్గర సెక్యూరిటీ అతనైతే అదే ఆయన పేరనుకుని, "గుడ్ మార్నింగ్, మిస్టర్ దయా" అనేవాడు. అంకుల్ ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. అడిగితే, "పిలిచేవాడికి నోరు తిరగాలి గానీ, పేరుదేముందమ్మా" అనేవాడు.

ఆయనది పశ్చిమ గోదావరి. క్రిస్టియన్లు. పైన వేసుకునే సేఫ్టీ కోటు జేబులో అరచేతంత కొత్త నిబంధన పుస్తకం ఉండేది. పొద్దున్నే "వందనాలమ్మా" అనేవాడు, నేను "నమస్తే అంకుల్" అనేదాన్ని, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. టిఫిన్ డబ్బాలో ఎండుచేపల కూర ఉన్న రోజు మైక్రోవేవ్ జోలికి పోకుండా చల్లగానే తినేవాడు. పక్కవాళ్లకి వాసన తగులుతుందని. మోకాళ్లు రెండూ పాడయ్యాయి. అయినా గంటకోసారి కిందికి వంగి బూట్ల తాళ్లు ఊడాయేమో చూసుకునేవాడు. రెండేసి ముడులు వేసేవాడు. ఫోర్క్‌లిఫ్ట్ తోలేవాడికి తాళ్లతో అంత పనేంటో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంకో పిచ్చి కూడా ఉండేది ఆయనకి. చెయ్యి సైగలు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా పట్టుకుని నేర్పించేవాడు. పిడికిలితో గుండె మీద రెండుసార్లు కొట్టుకుంటే 'నాది', అంటే ఈ పని నేను చూసుకుంటా అని. అరచెయ్యి ఎదుటివాళ్ల వైపు చాస్తే 'నీది'. "ఈ మోతలో మాటని నమ్మొద్దమ్మా. నోరొకటి అంటుంది, చెవి ఇంకోటి వింటుంది. చెయ్యి చూపించు" అనేవాడు. మనం తిరిగి సైగ చేసేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. నాకు చిరాకొచ్చేది. 'ఒక అట్టపెట్టె కోసం గుండె బాదుకోవాలా?' అని స్వాతితో గొణిగేదాన్ని.

ఎక్కడ ఏం పడిపోయినా ఆయనే ముందు గుండె మీద కొట్టుకునేవాడు. "నాదీ!" అని సాగదీసి అరిచేవాడు కూడా. సగం సార్లు అది ఆయన తప్పే కాదు. ఒకసారి ఉండబట్టలేక, "అంకుల్, మొన్న మంచుకి బస్సులు ఆగిపోయాయి, అది కూడా మీదేనా?" అన్నాను.

"అది మాత్రం మా ఆవిడదమ్మా. ఆ రోజు ఆవిడ ప్రార్థన మర్చిపోయింది" అన్నాడు.

ఫ్యాక్టరీ వెనక గడ్డి మైదానం ఉంది. ఎండ కాసిన రోజుల్లో లంచ్ టైమ్‌లో కుర్రాళ్లు బంతి ఆడేవాళ్లు. బంతి దొర్లుకుంటూ మా బల్ల దగ్గరికి వస్తే, అంకుల్ ఆ మోకాళ్లతోనే లేచి, వంగి, రెండు చేతులతో తీసుకుని, నడుచుకుంటూ వెళ్లి ఇచ్చి వచ్చేవాడు. "ఒక్క తన్ను తన్నండి అంకుల్, పోతుంది" అంటే, "చేతులున్నాయిగా" అనేవాడు. ఒకరోజు బంతి చాలా మెల్లగా వచ్చింది. అంకుల్ నిలబడి టీ తాగుతున్నాడు. బంతి సరిగ్గా ఆయన రెండు కాళ్ల మధ్య నుంచి దొర్లి వెనక్కి పోయింది. ఆయన కదల్లేదు. మొహం మాడిపోయింది. ఆ తర్వాత గట్టిగా నవ్వేసి, కాలేజీ రోజుల్లో తను ఫుట్‌బాల్ ఆడేవాడినని మొదటిసారి చెప్పాడు. ఇక్కడ అందరూ సాకర్ అంటారు. ఆయన మాత్రం ససేమిరా ఆ మాట అనేవాడు కాదు, ఫుట్‌బాలే.

ఆయన చెప్పిన కథ ఇదీ. వాళ్ల మిషన్ కాలేజీ టీమ్ ఫైనల్ ఆడుతోంది. ఈయన ఫుల్ బ్యాక్, అంటే గోల్ ముందర కాపలా. వెనక గోల్‌కీపర్ ఈయన రూమ్మేటే. గోలీ అనేవాళ్లు అతన్ని. ఆట అయిపోవస్తోంది, ఎవరికీ గోల్ లేదు. బంతి ఒకటి చచ్చీచెడీ దొర్లుకుంటూ వచ్చింది. వెనకాల అవతలి టీమ్ వాడు పరిగెత్తుకొస్తున్నాడు. ఈయన తన్నబోతుంటే గోలీ "నాదీ!" అని అరిచాడు. సరే వాడే పట్టుకుంటాడని ఈయన ఎగిరి, రెండు కాళ్లూ ఎడం చేసి, పెళ్లివారికి దారిచ్చినట్టు చెయ్యి చాచి మరీ బంతికి దారిచ్చాడు. గోలీ కదల్లేదు. బంతి మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు, గీత దాటింది.

"అంత మెల్లగా పోయిందమ్మా, అది గీత దాటేలోపు జనం నవ్వడం మొదలుపెట్టి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ నవ్వారు. వేరుశనక్కాయలు అమ్మేవాడు బుట్ట కింద పెట్టి నవ్వాడు. మా ప్రిన్సిపాల్ గారు పక్కకి తిరిగి నవ్వారు. ఎవడో గట్టిగా, 'దయచేయండి, బంతిగారూ, దయచేయండి!' అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఊళ్లో నా పేరు దయచేయండి."

లేచి నిలబడి, ఎగిరి చూపించాడు కూడా. నాకు టీ ముక్కులోంచి వచ్చింది. స్వాతి బల్ల మీద తల పెట్టి నవ్వింది.

"మరి ఆ మాటే పట్టుకుని తిరుగుతారేంటి అంకుల్, సిగ్గులేకుండా?" అన్నాను. నా నోరు అంతే.

"ఊరు పెట్టిన పేరమ్మా. పారేసుకోవడం ఎందుకు?" అన్నాడు.

నేను అక్కడితో ఆ కథ అయిపోయిందనుకున్నా.

ఆ చలికాలం ఒకరోజు మధ్యాహ్నానికి ముందు, మామూలు బిస్కెట్లు అయిపోయి బాదం బిస్కెట్లు మొదలవ్వాలి. లైన్ మారినప్పుడు లేబుల్ రోల్ కూడా మార్చాలి. కొత్త లేబుల్ మీద బాదం ఉందన్న హెచ్చరిక ఉంటుంది. అది పడనివాళ్లు తెలీక తింటే ప్రాణం మీదికొస్తుంది. రోల్ మార్చడం నా పని. సరిగ్గా అప్పుడే నేను బాత్రూమ్‌కి పోయి, దాచిపెట్టుకున్న ఫోన్లో కాలేజీ ఈమెయిల్ చూసుకుంటూ కూర్చున్నా. పరిగెత్తుకుంటూ తిరిగొచ్చేసరికి మెషీన్ అవతల నుంచి స్వాతి, లేబుల్ మార్చావా అని అరిచింది. మార్చేసినట్టే తలూపి, నోటితో కూడా చెప్పాను. మర్చిపోయానని కూడా నాకు తట్టలేదు. సైగ లేదు, పాడు లేదు. స్వాతి బటన్ నొక్కింది.

గంట తర్వాత చెకింగ్‌లో పట్టుకున్నారు. సరుకు బయటికి పోలేదు, దేవుడి దయ. కానీ సూపర్‌వైజర్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. తెల్లాయన, మంచివాడే. ఎవరు మార్చాలి, ఎవరు చూశారు అని అడిగాడు. స్వాతి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "అడిగాను, మార్చానని చెప్పింది, ఆన్ చేశాను" అంది.

ఈ పని పోతే మళ్లీ ఆ లైన్లు, మళ్లీ ఆ రెజ్యూమేలు. నా బుర్ర ఎంత స్పీడుగా పనిచేసిందో! "సర్, మా భాషలో మార్చా అంటే నేను మార్చాను అని, మార్చు అంటే నువ్వు మార్చు అని. రెండూ ఒకేలా వినపడతాయి. నేను మార్చు అన్నాను, తనకి మార్చా అని వినపడింది" అని ఇంగ్లీషులో చక్కగా పాఠం చెప్పాను. ఆయన "మార్చా, మార్చు" అని రెండుసార్లు తన నోటితో అనుకుని, ఆశ్చర్యంగా తలాడించాడు. స్వాతి నా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను.

"నాకే సరిగ్గా వినపడలేదేమో సర్. సారీ" అంది స్వాతి.

బస్సు ఆలస్యమై ఆమెకి అప్పటికే ఒక వార్నింగ్ ఉంది. లంచ్ తర్వాత చెప్తానని ఆయన మమ్మల్ని పంపేశాడు. చెప్పేదేంటో ముగ్గురికీ తెలుసు.

లంచ్‌రూమ్‌లో స్వాతి అన్నం ముట్టుకోలేదు. వేలితో ఒక చెవి మూసుకుని వినేది, తర్వాత రెండోది మూసుకుని వినేది. "ఏంటే అది?" అన్నాను. "ఎడం చెవి కొంచెం తక్కువ వినపడుతోందే. నాకు ఎప్పట్నుంచో ఉందేమో ఇది. చూపించుకోవాలి" అంది. అప్పుడైనా చెప్పొచ్చుగా? చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నా.

అంకుల్ వచ్చి ఏమైందమ్మా అని అడిగాడు. నేను నా కథే చెప్పాను. స్వాతి అవునంది. ఆయన తినేసి, డబ్బా కడుక్కుని, "అమ్మాయ్, ఒకసారి ఇటు రా" అని నన్ను సరుకు ఎక్కించే ద్వారం దగ్గరికి తీసుకెళ్లాడు.

"లంచ్ తెచ్చుకున్నావా ఇవాళ?"

"తెచ్చుకున్న అంకుల్."

"నిన్న అసైన్‌మెంట్ అన్నావు, రాశావా?"

"రాసిన. ఎందుకు?"

"లేబుల్ మార్చావా?"

"మార్చిన..."

నోరు దానంతటదే అనేసింది. అని, అక్కడే ఆగిపోయాను.

"అదమ్మా" అన్నాడు ఆయన నెమ్మదిగా. "నీ నోట్లో 'మార్చిన' ఉంది. 'మార్చా' లేదు. అది స్వాతి మాట, కాకినాడ మాట. మార్చు అంటే మార్చా అని వినపడొచ్చు. మార్చిన అని వినపడుద్దా ఎవరికైనా? పాపం ఆ పిల్ల నువ్వన్నదాన్ని తన యాసలో గుర్తుపెట్టుకుంది, అందుకే దానికీ అనుమానమొచ్చింది. ఆ తెల్లాయనకి తెలుగు రాదు. నాకు వచ్చు."

నాకు భూమి చీలితే బాగుండనిపించింది. సిగ్గుతో పాటు మస్తు కోపం కూడా వచ్చింది. "మీరెళ్లి చెప్పండి అయితే! లేకపోతే మీకలవాటేగా, 'నాదీ' అని మీరే వేసుకోండి!" అన్నాను. పెద్దాయనతో అలాగే అన్నాను, దాచుకోవడం ఎందుకు.

ఆయన కోప్పడలేదు. తలుపు పక్కన మంచు పారల దగ్గర ఒక చెక్క మీద కూర్చున్నాడు. ఇంకా గ్రౌండ్‌లోకి దిగబోతున్నట్టే బూటు తాళ్లు చూసుకున్నాడు.

"మీకు చెప్పిన కథలో ఒక ముక్క అబద్ధమమ్మా. మా గోలీ 'నాదీ' అనలేదు. 'నీదీ' అన్నాడు. నాకు శుభ్రంగా వినపడింది."

నేనూ పక్కనున్న ఇంకో చెక్క మీద కూర్చున్నా.

"వచ్చేవాడు దున్నపోతులా ఉన్నాడు. సెమీఫైనల్లో ఒకడి కాలు విరగ్గొట్టాడు వాడు. బంతికి కాలు అడ్డం పెడితే నా కాలు మిగలదు. భయమేసింది, అంతే. తప్పుకున్నా. తప్పుకోవడం కూడా పెద్ద తప్పు కాదు, ఎవడికైనా భయమేస్తది. గోల్ అయ్యాక అందరూ నా మీద పడ్డారు. అప్పుడన్నా, 'వాడు నాదీ అన్నాడు, నేనేం చెయ్యను' అని. నాదీ, నీదీ. ఆ గోలలో తేడా ఎవడికి తెలుసు? వాడు మొదట కాదు కాదని ఏడ్చాడు. సాయంత్రానికి రూమ్‌లో నా పక్కన కూర్చుని, 'ఏమోరా, నాదీ అన్నానేమో, నోరు జారానేమో' అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. దుప్పటి కప్పుకుని పడుకున్నా."

"తర్వాత?"

"యూనివర్సిటీ టీమ్‌కి సెలక్షన్లు ఆ వారమే. అందులో ఉంటే ఉద్యోగం ఖాయమనుకునే రోజులు. వాడి పేరే ముందుంది. నోరు అదుపులో లేనివాడు గోల్‌లో ఎట్లా నిలబడతాడని కొట్టేశారు. వాడూ మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. వాళ్ల నాన్నతో చేపల చెరువుల మీదికి పోయాడు. నాకు ఈ పేరొచ్చింది. నవ్వులు నాకు, నష్టం వాడికి. ఈ మాటని నా అంతట నేనే మోస్తున్నానమ్మా. చిన్న శిక్ష వేసుకుంటే పెద్దది తప్పుద్దేమోనని."

"ఆయనకి చెప్పారా?"

తల అడ్డంగా ఊపాడు. "ముప్పై ఏళ్లయింది. ఫోన్ నంబరుంది. వేలు పోదు."

"ముప్పై ఏళ్లా! నాకు చెప్పడానికి వచ్చారా మీరు?" అన్నాను. నా గొంతు నాకే కీచుమని వినపడింది.

"అందుకే వచ్చా. అరగంటలో చెప్పనిది ముప్పై ఏళ్లయినా నోట్లోంచి రాదమ్మా. నీ పని పోవచ్చు, నేనేం ఆపలేను. కానీ ఆ పిల్ల చెవులు దానికి ఇచ్చెయ్యి."

లేచి ముందు నడిచాడు. నేను వెనకే నడిచాను, ఎందుకు నడిచానో తెలీదు. లంచ్‌రూమ్ కిటికీ అద్దంలోంచి స్వాతి కనిపించింది, ఇంకా వేలు చెవి దగ్గరే ఉంది. సూపర్‌వైజర్ గది తలుపు దగ్గర అంకుల్ ఆగాడు. తలుపు తీశాడు. నడుము కొంచెం వంచి, కుడిచెయ్యి లోపలికి చాచాడు.

"దయచేయండి" అన్నాడు.

ఈసారి నవ్వు రాలేదు. లోపలికి వెళ్లి, తప్పు నాది అని చెప్పాను. సూపర్‌వైజర్‌కి మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది, రెండోసారి ఇంకా కష్టమైంది.

ఏజెన్సీ లిస్టులోంచి నా పేరు తీసేశారు. స్వాతి మిగిలింది. ఒక నెల ఆమె నాతో మాట్లాడలేదు, పక్కపక్క పరుపుల మీద పడుకుంటూ కూడా. మాట్లాడిన రోజు, "పని పోతే పోయేదే. చెవుడొచ్చిందని మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను తెలుసా?" అంది. అది విని నేను ఏడ్చాను. ఇద్దరం ఏడ్చి, ఆకలేసి మ్యాగీ వండుకున్నాం. అప్పట్నుంచి తెగలేదు మా స్నేహం.

అంకుల్ ఆ తర్వాత ఒక్కసారే కనిపించాడు, ఏజాక్స్‌లో బస్సు దగ్గర. నన్ను ముందు ఎక్కమని చెయ్యి చాచాడు. ఫోన్ చేశారా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. పని పోయిన రోషం ఇంకా ఉంది నాలో. నా మొహానికి రోషమొకటి. అలాగే సంవత్సరాలు గడిచిపోయాయి.

శనివారం పొద్దున ఏజాక్స్‌లో చర్చిలో ఆరాధన జరిగింది. తెలుగు పాటలు పాడారు. పాస్టర్ గారు, మన సహోదరుడు ప్రభువునందు నిద్రించాడన్నారు. అంకుల్ కూతురు మైకు ముందుకొచ్చి ఇంగ్లీషులో మాట్లాడింది. నాన్న మంచివాడంది, అందరికీ తలుపు తీసేవాడంది. చిన్నప్పుడు మాతో ఒక్కసారి కూడా బంతి తన్నలేదు, ఎందుకో నాకెప్పుడూ చెప్పలేదు అంది. అది తెలిసిన దాన్ని నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను.

పెట్టె మోసుకొస్తున్నప్పుడు చర్చి తలుపు గాలికి మూసుకుపోబోయింది. ఏజాక్స్ సరస్సు గాలి తెలిసిందేగా. నేనే పరిగెత్తి పట్టుకున్నా. భుజంతో తలుపు నెట్టి పట్టుకుని నిలబడ్డాను, పెట్టె నా ముందుకొచ్చింది, నా కుడిచెయ్యి దానంతటదే సాగింది. "దయచేయండి అంకుల్" అన్నాను. వెనకే వస్తున్న అంకుల్ భార్య, ఆంటీ, ఆ మాట విని ఆగి, నా మొహంలోకి చూసి, ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది.

భూస్థాపన అయ్యాక చర్చి కింద హాల్లో టీ ఇస్తున్నారు. ఆంటీ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "నువ్వేనా జగిత్యాల అమ్మాయివి? నీ గురించి చెప్పేవారమ్మా. ఇదిగో, లైన్లో ఉన్నారు, నీతో మాట్లాడాలంట" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

"అమ్మా, నేను వాడి గోలీని" అంది అవతల గొంతు.

నేను ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాను. ఆయనే మాట్లాడాడు. "నువ్వు ఆఫీసు గదిలోకి వెళ్లావంట కదా ఒకరోజు. ఆ రోజే ఫోన్ చేశాడమ్మా వాడు. ఎవరో తెలీదు నాకు, హలో హలో అంటున్నా. అవతల ఊపిరి తప్ప ఏం లేదు. పెట్టేద్దామనుకునేలోపు ఒక్క అరుపు అరిచాడు. 'నాదీ!' అని. మా ఇంట్లోవాళ్లకి కూడా వినపడి పరిగెత్తుకొచ్చారు."

"మీరేమన్నారు?"

"కోపం రాలేదంటే అబద్ధం. ముప్పై ఏళ్లు నా నోటిని నేను నమ్మలేదమ్మా. పెళ్లిలో అవును అనడానికి కూడా రెండుసార్లు ఆలోచించా. ఫోన్ పెట్టేశా. మూడు రోజులు వాడు చేస్తూనే ఉన్నాడు, ఎత్తలేదు. నాలుగో రోజు నేనే చేశా. 'చాలా ఆలస్యంగా అరిచావురా' అన్నా."

"దానికి మా అంకుల్ ఏమన్నారు?"

"'వినపడిందా?' అన్నాడు. వినపడిందని చెప్పానమ్మా. ఈసారి బాగా వినపడింది."